ఆఫ్రికాలో కరెంటు ఖరీదంతా వడ్డీలోనే ఉంది

సహారాకి దిగువనున్న ఆఫ్రికాలో ఇవాళ్టికీ దాదాపు 60 కోట్ల మందికి కరెంటు లేదు. ఈ అంకె చెప్పగానే మనవాళ్లు చాలామంది అడిగేది ఒకటే, "అంత ఎండ ఉంది కదా, సోలార్ పెట్టుకోవచ్చుగా?" అని. అడగడంలో తప్పేం లేదు. ప్రపంచంలో సోలార్‌కి బాగా పనికొచ్చే ఎండలో 60 శాతం ఆఫ్రికాలోనే ఉందని, బిగించిన ప్యానెళ్లలో మాత్రం ఆఫ్రికా వాటా 1 శాతమేనని అంతర్జాతీయ ఇంధన సంస్థ 2022లో లెక్కగట్టింది. ప్యానెళ్ల ధరలు ఎంత పడిపోయాయో అందరికీ తెలుసు. మరి అడ్డం ఏమొచ్చింది? నేను నైరోబీలో కొన్నేళ్లు సోలార్ ప్రాజెక్టుల అప్పుల లెక్కలు చూసే ఉద్యోగం చేశాను. ఆ ఎక్సెల్ షీట్లు చూసినవాడిగా నా జవాబు ఇది: ఆ అప్పు ఎంత వడ్డీకి వచ్చింది, ఏ కరెన్సీలో వచ్చింది అన్నదే అన్నిటికన్నా పెద్ద అడ్డం. అవినీతి, రాజకీయం, పనిచేయని ఆఫీసులు ఇవన్నీ ఉన్నాయి, కాదనను. మన దగ్గర లేవా? అవన్నీ ఉండగానే మన ఊళ్లకి కరెంటు వచ్చింది.

ఒక చిన్న లెక్క వేద్దాం. 100 కోట్లు అప్పు తెచ్చి సోలార్ ప్లాంటు కట్టామనుకోండి, 20 ఏళ్లలో సమాన వాయిదాల్లో తీర్చాలి. వడ్డీ 4 శాతమైతే ఏడాదికి దాదాపు 7.4 కోట్లు కట్టాలి. 14 శాతమైతే 15.1 కోట్లు. ప్లాంటు అదే, ప్యానెళ్లు అవే, ఎండ అదే, వచ్చే యూనిట్లు కూడా అన్నే, కానీ యూనిట్ ఖర్చు మాత్రం ఇంచుమించు రెట్టింపు. సోలార్‌కీ గాలిమరలకీ ఇంధనం ఖర్చు లేదు కాబట్టి ఖర్చులో చాలా భాగం మొదట్లోనే పెట్టేయాలి, ఆ తర్వాత 20 ఏళ్లూ జనం బిల్లు రూపంలో కట్టేది ఆ అప్పునే. డీజిల్ జనరేటర్ అలా కాదు, కొనేటప్పుడు చవక, తర్వాత లీటర్ల లెక్కన రోజువారీ ఖర్చు. అందుకే వడ్డీ మండిపోతున్న దేశంలో డీజిల్ చవగ్గా కనపడుతుంది, సోలార్ ఖరీదుగా కనపడుతుంది. నైజీరియాలోని లాగోస్‌లో సాయంత్రమైతే వీధంతా జనరేటర్ల చప్పుడే అంటే దాని వెనక గ్రిడ్ తిప్పలతో పాటు ఈ లెక్క కూడా ఉంది.

ఆఫ్రికాలో ఇలాంటి ప్రాజెక్టులకి పెట్టుబడి తెచ్చుకునే ఖర్చు ధనిక దేశాలతో, చైనాతో పోలిస్తే రెండు మూడు రెట్లు ఉంటుంది. కెన్యా ప్రభుత్వమే 2024 ఫిబ్రవరిలో 150 కోట్ల డాలర్ల బాండ్లు అమ్ముకోవడానికి 10 శాతానికి పైగా రాబడి ఇవ్వాల్సొచ్చింది. డాలర్లలో 10 శాతం! అదీ కొత్తగా ఏదో కట్టడానికి కాదు, ఆ జూన్‌లో తీర్చాల్సిన పాత బాండు కోసం. ప్రభుత్వానికే ఆ రేటైతే, మార్సాబిట్‌లోనో గరిసాలోనో మినీగ్రిడ్, అంటే ఒకటి రెండు ఊళ్లకి సరిపడా సొంత ప్లాంటూ లైన్లూ, పెడతానన్న చిన్న కంపెనీకి ఎవరు తక్కువకిస్తారు?

రిస్కు ఎక్కువ కదా, వడ్డీ ఎక్కువ ఉండదా అంటారు. ఉండాలి, ఒప్పుకుంటాను. ఎంత ఎక్కువ అన్నదే నా పేచీ. మౌలిక వసతుల ప్రాజెక్టుల అప్పుల ఎగవేతల మీద రేటింగ్ సంస్థ మూడీస్ 2020లో ఒక అధ్యయనం చేసింది. అందులో లాటిన్ అమెరికా, ఆసియాల కన్నా ఆఫ్రికాలో ఎగవేతలు తక్కువని తేలింది. సరిగ్గా కట్టేవాడి దగ్గర కూడా ఎగ్గొట్టేవాడి రేటు వసూలు చేస్తున్నారన్నమాట. లండన్‌లోనో పారిస్‌లోనో కూర్చున్న రిస్కు కమిటీలతో ఫోన్లలో మాట్లాడిన అనుభవంతో చెబుతున్నాను, వాళ్లకి రువాండాకీ బురుండీకీ తేడా చెప్పడానికే సగం మీటింగు అయిపోయేది.

వడ్డీ కన్నా లోతైన దెబ్బ కరెన్సీది. కెన్యాలో కరెంటు వాడే మనిషి షిల్లింగుల్లో కడతాడు. ప్లాంటు కట్టినవాడు డాలర్లలోనో యూరోల్లోనో అప్పు తెచ్చాడు. 2019లో డాలరు దాదాపు 102 షిల్లింగులు, 2024 జనవరికల్లా 160 దాటింది, ఆ ఏడాదే మళ్లీ 130 దగ్గరికి దిగింది. అంటే అప్పు తీసుకున్నవాడు ఒక్క పైసా కొత్తగా వాడుకోకుండానే, ఆ జనవరికి షిల్లింగుల లెక్కన వాయిదా సగానికి పైగా పెరిగిపోయింది. నైజీరియాలో ఇంకా ఘోరం, 2023 జూన్‌లో అక్కడి కరెన్సీ నైరాని మార్కెట్‌కి వదిలేశాక 460 దగ్గరున్న డాలరు ఏడాది తిరక్కుండానే 1,500కి పోయింది.

ఆ తేడా ఎవరి నెత్తిన పడుతుందో తెలియాలంటే కెన్యాలో మీటరు రీచార్జ్ చేసుకుంటే వచ్చే మెసేజ్ చూడాలి. అక్కడ చాలా ఇళ్లలో ప్రీపెయిడ్ మీటర్లే. ఎంపెసాలో, అంటే ఫోన్‌లోంచే డబ్బు పంపే పద్ధతిలో, కడితే 20 అంకెల టోకెన్ నంబరు వస్తుంది, దాన్ని గోడమీద కీప్యాడ్‌లో ఒక్కొక్కటీ నొక్కాలి. ఆ మెసేజ్‌లోనే ఎన్ని యూనిట్లొచ్చాయి, కట్టిన దాంట్లో కరెంటు కింద ఎంత పోయింది, "ఇతర ఛార్జీలు" ఎంత అని ఉంటుంది. 1,000 షిల్లింగులు కడితే మూడో వంతుకి పైగా ఆ ఇతర ఛార్జీలే. విడదీసి చూస్తే ఇంధనం ఛార్జీ, 16 శాతం వ్యాట్, గ్రామీణ విద్యుదీకరణ కింద 5 శాతం, నియంత్రణ సంస్థ సుంకం, నీటి వనరుల సుంకం, వీటి మధ్యలో విదేశీ మారకం సర్దుబాటు అని ఒక పద్దు. షిల్లింగు పడినప్పుడల్లా ఆ పద్దు పెరుగుతుంది. మా అపార్ట్‌మెంటు కింద చపాతీలు, టీ అమ్ముకునే ఆవిడ జీవితంలో ఒక్క డాలరు అప్పు చేసి ఉండదు. నెలనెలా ఆ మారకం నష్టం మాత్రం ఆవిడ కూడా కడుతోంది. ఫ్రాంక్‌ఫర్ట్‌లో కూర్చున్న బ్యాంకుకి రాని రిస్కు ఆవిడకి వచ్చింది. దీన్ని నేను అన్యాయమనే అంటాను.

ఇక తుర్కానా సరస్సు గాలిమరల సంగతి. ఈ విషయం మీద ఎవరు మాట్లాడినా ఆ ప్రాజెక్టు దగ్గరికి రావాల్సిందే. కెన్యా ఉత్తరాన మార్సాబిట్ కౌంటీలో లోయాంగలాని దగ్గర ఎడతెరపి లేకుండా వీచే గాలి, ఒక్కోటి 850 కిలోవాట్ల టర్బైన్లు 365, మొత్తం 310 మెగావాట్లు. ఖర్చు 60 కోట్ల యూరోలకి పైనే. ఆఫ్రికా అభివృద్ధి బ్యాంకు ముందుండి అప్పులు కూడగట్టింది. ప్రపంచ బ్యాంకు మాత్రం 2012లోనే పక్కకి తప్పుకుంది, కెన్యా వాడుకోలేని కరెంటుకి కూడా డబ్బు కట్టాల్సి వస్తుందేమోనని. టర్బైన్లు 2017 నాటికి సిద్ధమైపోయాయి. కరెంటు తీసుకెళ్లే లైను సిద్ధం కాలేదు. సుస్వా సబ్‌స్టేషన్ దాకా 400 కిలోమీటర్లకి పైగా ఆ లైను వేయాల్సింది ప్రభుత్వ సంస్థ, దాని కాంట్రాక్టు తీసుకున్న స్పెయిన్ కంపెనీ ఐసోలక్స్ మధ్యలోనే దివాలా తీసింది. దాదాపు ఏడాదిన్నర మరలు ఊరికే నిలబడి ఉన్నాయి. ఒప్పందం ప్రకారం ప్రభుత్వం వందల కోట్ల షిల్లింగుల పరిహారం ఒప్పుకుంది, రాని కరెంటు కోసం. 2018 సెప్టెంబరులో లైను కలిసింది, 2019 జులైలో ప్రారంభోత్సవం జరిగింది.

దీన్ని చూపించి "ఆఫ్రికాలో ఇంతే" అనేవాళ్లున్నారు. నాకు కనపడేది వేరే. ప్లాంటుకి డబ్బిచ్చేవాళ్లు బారులు తీరారు, ఎందుకంటే దానికి యూరోల్లో పక్కా రాబడి ఉంది, ప్రభుత్వ పూచీ ఉంది. లైను మీద లాభం చూపించడం కష్టం, కాబట్టి అది ప్రభుత్వం నెత్తిన పడింది. ఆ 400 కేవీ లైను పల్లెల మీదుగా వెళ్తుంది, ఆ పల్లెల్లో గుడిసెలు చీకట్లోనే ఉంటాయి. పెద్ద లైను నుంచి ఇంటికి కరెంటు తీయలేం కదా, సబ్‌స్టేషన్ కావాలి, 33 కేవీ, 11 కేవీ లైన్లు కావాలి, ట్రాన్స్‌ఫార్మర్లు, స్తంభాలు, సర్వీసు వైర్లు, మీటర్లు కావాలి. వీటి కోసం ఏ ఇన్వెస్టరూ విమానం ఎక్కి రాడు. (భూమి గొడవ సరేసరి, అక్కడి జనం కోర్టుకెళ్తే ఆ పట్టాలు చట్టప్రకారం ఇచ్చినవి కావని 2021లో తీర్పొచ్చింది.) కరెంటు పుట్టించడానికి డబ్బు దొరుకుతోంది, దాన్ని మనుషుల దాకా తీసుకెళ్లడానికి దొరకట్లేదు. ఆఫ్రికా కరెంటు గురించి వచ్చే వార్తల్లో మెగావాట్లే తప్ప స్తంభాలు కనపడకపోవడం నాకు చాలా బాధ అనిపిస్తుంది.

స్తంభం ఇంటి ముందుకొచ్చినా పని అయిపోదు. కెన్యాలో ఒకప్పుడు కనెక్షన్ తీసుకోవాలంటే 35,000 షిల్లింగులు. 2015లో చివరి మైలు పథకం కింద 15,000కి దించారు, అదీ వాయిదాల్లో. అంతకుముందు పశ్చిమ కెన్యాలో పరిశోధకులు తిరిగి చూస్తే, ట్రాన్స్‌ఫార్మర్‌కి కూతవేటు దూరంలో ఉన్న ఇళ్లలో కూడా ఎక్కువ వాటికి కరెంటు లేదు. ఉచితంగా ఇస్తామంటే దాదాపు అందరూ తీసుకున్నారు, పూర్తి రేటు చెబితే ముందుకొచ్చినవాళ్లు నామమాత్రం. రెండు ఎకరాల మొక్కజొన్న మీద బతికే కుటుంబం 35,000 ఎక్కడ తెస్తుంది? మన దగ్గర 2017లో సౌభాగ్య పథకంలో పేద ఇంటికి కనెక్షన్ ఉచితం, మిగతావాళ్లకి 500 రూపాయలు, అదీ పది వాయిదాల్లో బిల్లుతో పాటు. దాన్ని ఎవరూ మార్కెట్‌కి వదిలేయలేదు.

చరిత్ర చూసినా అంతే. అమెరికాలో 1930ల మధ్యలో పొలాల్లోని ఇళ్లలో పదింట ఒకదానికే కరెంటు ఉండేది. ప్రైవేటు కంపెనీలు పల్లెల్లో లాభం లేదని వెళ్లలేదు. రూజ్‌వెల్ట్ ప్రభుత్వం 1935లో గ్రామీణ విద్యుదీకరణ సంస్థ పెట్టి రైతుల సహకార సంఘాలకి చవగ్గా అప్పులిచ్చింది, 1944 నుంచి అయితే 2 శాతం వడ్డీ, 35 ఏళ్ల గడువు. 1950ల తొలినాళ్లకి పదింట తొమ్మిది ఇళ్లలో బల్బు వెలిగింది. మనకి ఇంకా దగ్గరి ఉదాహరణ సిరిసిల్ల. పల్లెల కరెంటుకి అప్పులిచ్చే కేంద్ర సంస్థ ఆర్ఈసీ 1969లో పుట్టింది, దేశంలో మొదట ప్రయోగంగా పెట్టిన ఐదు గ్రామీణ విద్యుత్ సహకార సంఘాల్లో సిరిసిల్ల సెస్ ఒకటి. అమెరికా సహకార సంఘాల వాళ్లు సలహా ఇచ్చారు, ఆర్ఈసీ తక్కువ వడ్డీకి దీర్ఘకాలం అప్పిచ్చింది. సిరిసిల్ల మరమగ్గాలకి, బావుల దగ్గర మోటార్లకి కరెంటు అలా వచ్చింది. ఇప్పటికీ అక్కడ వినియోగదారులే ఓట్లేసి డైరెక్టర్లని ఎన్నుకుంటారు. అప్పుడు సిరిసిల్ల జనానికి "మీరు డాలర్లలో 12 శాతం కట్టండి, లేకపోతే రిస్కు మాకెందుకు" అని ఎవరైనా అనుంటే ఏమయ్యేదో ఆలోచించండి. నాకు తెలిసి ఏ పేద దేశమూ, ఆ మాటకొస్తే ఏ ధనిక దేశమూ పల్లెకి కరెంటు బజారు వడ్డీతో తీసుకెళ్లలేదు. ఆఫ్రికా ఒక్కదాన్నే అలా చేసి చూపించమంటున్నారు.

ఇంటి మీద చిన్న ప్యానెల్ సంగతి చెప్పలేదేం అనొచ్చు. కెన్యాలో పుట్టి పేరు తెచ్చుకున్న పద్ధతి అది: కొంచెం డిపాజిట్ కట్టి ఇంటికి కిట్ తెచ్చుకోవడం, ఆ తర్వాత ఎంపెసాలో రోజుకి 50 షిల్లింగులు, ఏడాదో ఆ పైనో కట్టాక కిట్ మనదే. కట్టని రోజు లైటు వెలగదు. కిరోసిన్ దీపం పొగలో చదువుకునే పిల్లలకి అది నిజంగా గొప్ప మేలు, నేను దాన్ని తక్కువ చేయను. కానీ లెక్క చూడండి. 8 వాట్ల ప్యానెల్ మంచి ఎండలో రోజుకి 40 వాట్‌అవర్లు ఇస్తుంది, అంటే ఒక యూనిట్‌లో ఇరవై అయిదో వంతు. వాయిదాలు కట్టే కాలంలో యూనిట్‌కి 1,250 షిల్లింగులు పడినట్టు. నైరోబీలో వాషింగ్ మెషీన్ ఉన్న ఇంట్లో యూనిట్ 30 షిల్లింగుల లోపో, కాస్త అటూ ఇటూనో. ఆ కిట్ మీద మిక్సీ కూడా నడవదు, పిండిమర ఊసే లేదు. పైగా ఆ కంపెనీలు కూడా ఎక్కువగా డాలర్లలోనే అప్పులు తెచ్చి షిల్లింగుల్లో వసూలు చేసుకునేవి. టాంజానియా, రువాండా, కెన్యాల్లో పెద్దగా ఎదిగిన జర్మనీ కంపెనీ మొబిసోల్ 2019లో దివాలా పిటిషన్ వేసింది, చివరికి ఫ్రాన్స్ కంపెనీ ఎంజీ కొనుక్కుంది. పేదవాడి దగ్గర రోజువారీ వసూళ్లతో లండన్ వడ్డీలు తీర్చడం ఎన్నాళ్లు సాగుతుంది?

చవక డబ్బు దొరికితే ఏమవుతుందో కూడా ఆఫ్రికాలోనే చూశాం. జాంబియాలో 2016లో ప్రపంచ బ్యాంకు బృందం గ్యారంటీలు, అప్పు, ఒప్పందం పత్రాలు అన్నీ ముందే సిద్ధం చేసి వేలం పెడితే సోలార్ యూనిట్ 6.02 అమెరికా సెంట్లకి వచ్చింది. జాంబియాలో ఎండ ఆ ఏడాదే కొత్తగా రాలేదు కదా. అలాగే 2017 ఏప్రిల్‌లో మన కడప సోలార్ పార్కు వేలంలో యూనిట్ 3.15 రూపాయలకి దిగింది, అప్పటికి దేశంలో అదే రికార్డు. కడప ఎండ ఎప్పుడూ అంతే, కొనేది ఎన్టీపీసీ, డబ్బు టైముకి వస్తుందన్న నమ్మకం ఉంది, అందుకని రేటు దిగింది.

ఆ నమ్మకం పోతే ఏమవుతుందో కూడా మనకి తెలుసు. 2019 జులైలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పాత గాలి, సోలార్ పీపీఏల (కరెంటు కొనుగోలు ఒప్పందాల) రేట్లు తిరగదోడడానికి కమిటీ వేసింది. గొడవ హైకోర్టుకెక్కింది, ఒప్పందంలో ఉన్న రేటే కట్టమని 2022 మార్చిలో తీర్పొచ్చింది, ఈలోపు బకాయిల టెన్షన్‌తో కంపెనీలు, వాటికి అప్పిచ్చిన బ్యాంకులు గిలగిల్లాడాయి. సరిగ్గా అలాగే 2021లో కెన్యా కూడా పీపీఏల సమీక్షకి టాస్క్‌ఫోర్స్ వేసింది, కొత్త ఒప్పందాలు ఆపేసింది. రెండు చోట్లా ప్రభుత్వాల వాదనలో నిజం లేకపోలేదు, రేట్లు పడిపోయాక పాత రేటుకి పాతికేళ్లు కొనడం డిస్కంకి భారమే. కానీ ఒప్పందాన్ని మధ్యలో కదిలిస్తే వచ్చే ప్రాజెక్టులన్నిటి వడ్డీ పెరుగుతుంది, ఆ పెరుగుదల మళ్లీ బిల్లులోకే వస్తుంది. దీన్ని ఆఫ్రికా జబ్బు అనుకునేవాళ్లు ఒకసారి మన రాష్ట్రం వైపు చూడాలి.

నాకు ఎక్కువ ఆశ పుట్టించేది దక్షిణాఫ్రికా. అక్కడ 2011 నుంచి వేలాలు నడుపుతున్నారు, 6,000 మెగావాట్లకి పైగా వచ్చింది. ఒప్పందాలు రాండ్లలో, అప్పులో పెద్ద భాగం అక్కడి బ్యాంకులదే, అక్కడి ప్రభుత్వ కరెంటు సంస్థ ఎస్కామ్ కట్టలేకపోతే ఖజానా పూచీ. డాలరు ఎగిరినా కట్టాల్సిన వాయిదా ఎగరదు. "దక్షిణాఫ్రికాకి పెద్ద బ్యాంకులున్నాయి, మిగతావాళ్లకి లేవు" అంటారు. కెన్యా పెన్షన్ ఫండ్ల దగ్గర 2 లక్షల కోట్ల షిల్లింగులకి పైగా ఉంది. అది కరెంటు లైన్లకి ఎందుకు రాదో తెలుసా? 2024 ఫిబ్రవరిలో కెన్యా ప్రభుత్వం అమ్మిన మౌలిక వసతుల బాండు మీద వడ్డీ 18.46 శాతం, పన్ను లేదు. ఆఫీసులో కూర్చుని 18 శాతం వస్తుంటే ఏ ఫండ్ మేనేజరైనా మినీగ్రిడ్‌కో లైనుకో ఎందుకిస్తాడు? ప్రభుత్వం అప్పుల్లో మునిగి ఉన్నంతకాలం ఇంట్లో డబ్బు కూడా కరెంటు దాకా రాదు. అందుకే అప్పుల భారం సంగతి పక్కనపెట్టి గ్రీన్ ఫైనాన్స్ సదస్సులు పెట్టడం నాకు మింగుడుపడదు. ఇథియోపియా మాత్రం తన జనం దగ్గర బాండ్లు అమ్మి, ఉద్యోగుల జీతాల్లోంచి చందా తీసుకుని నీలి నైలు నది మీద 5,150 మెగావాట్ల డ్యామ్ కట్టేసింది, 2025 సెప్టెంబరులో ప్రారంభించింది. గొప్ప పనే. అక్కడ కూడా దాదాపు సగం జనాభాకి ఇంకా కరెంటు లేదు, కారణం మళ్లీ అవే స్తంభాలు, వైర్లు.

ప్రపంచ బ్యాంకు, ఆఫ్రికా అభివృద్ధి బ్యాంకు కలిసి 2030 నాటికి 30 కోట్ల మందికి కరెంటు ఇస్తామని మిషన్ 300 మొదలుపెట్టాయి, 2025 జనవరిలో దారెస్సలాంలో దేశాధినేతలు వచ్చి సంతకాలు చేశారు. లక్ష్యం మంచిదే. అందులో ఎంత గ్రాంటు, ఎంత అప్పు, ఎంత ప్రైవేటు పెట్టుబడి వస్తుందన్న ఆశ అనేది చూసుకోవాలి. 2021లో దక్షిణాఫ్రికాకి బొగ్గు మానడానికి ధనిక దేశాలు 850 కోట్ల డాలర్లు ప్రకటించాయి, చప్పట్లు మోగాయి, తీరా చూస్తే గ్రాంటు 4 శాతమే, మిగతాదాంట్లో ఎక్కువ భాగం తిరిగి కట్టాల్సిన అప్పే.

ఈలోపు జనం ఆగట్లేదు. 2025 జూన్‌తో ముగిసిన ఏడాదిలో ఆఫ్రికా చైనా నుంచి 15 గిగావాట్ల ప్యానెళ్లు దిగుమతి చేసుకుంది, అంతకుముందు ఏడాది కన్నా 60 శాతం ఎక్కువ. హోటళ్లు, సూపర్‌మార్కెట్లు, ఫ్యాక్టరీలు, ఉన్నవాళ్ల బంగళాలు సొంత కరెంటుకి మారిపోతున్నాయి. మంచి వార్తే, కానీ డిస్కంకి బాగా డబ్బు కట్టేది వాళ్లే. వాళ్లు వెళ్లిపోతే లైన్ల ఖర్చు మిగిలిన చిన్న ఇళ్ల మీద పడుతుంది, లేదా ఎవరి మీదా పడక లైన్లే ఆగిపోతాయి. ప్యానెళ్ల రాకని చూసి "సమస్య తీరిపోయింది" అని రాస్తున్నవాళ్లు ఈ సగం చెప్పట్లేదు.

ఇప్పుడు ఆ లైన్ల పనిలోకి మన దేశం కూడా వచ్చింది. కెన్యాలో ట్రాన్స్‌మిషన్ లైన్ల కోసం 2024 అక్టోబరులో అదానీ కంపెనీతో 30 ఏళ్లకి 73.6 కోట్ల డాలర్ల ఒప్పందం కుదిరింది, అమెరికాలో అదానీ మీద కేసు బయటికొచ్చాక నవంబరులో అధ్యక్షుడు రూటో రద్దు చేశాడు. మన ప్రభుత్వ రంగ పవర్‌గ్రిడ్ ఇంకో పక్క ఆఫ్రికా50 అనే పెట్టుబడి సంస్థతో కలిసి లెసోస్-లూసుక్, కిసుము-ముసాగా లైన్లు వేయడానికి ముందుకొచ్చింది. పవర్‌గ్రిడ్‌కి పని వచ్చు, అందులో నాకు అనుమానం లేదు. ఆ ఒప్పందం కాగితాలు చేతికొస్తే నేను కిలోమీటర్లు, కేవీలు తర్వాత చూస్తాను. ఏటా కట్టే ఛార్జీ షిల్లింగుల్లో రాశారా డాలర్లలో రాశారా, షిల్లింగు మళ్లీ 160కి పోతే ఆ తేడా ఎవరు భరించాలని రాశారు, ఆ పేజీ ముందు తీస్తాను. ఆ తేడాలో కనీసం సగమైనా మన ఎగ్జిమ్ బ్యాంకో, ఆఫ్రికా అభివృద్ధి బ్యాంకో తీసుకుంటామని రాసి ఉంటే ఆ లైను వేయమనే చెబుతాను. రాయకపోతే, రాయించమని కెన్యా పార్లమెంటు పట్టుబట్టాలి. మన వైపు నుంచి ఆ మాట మన పార్లమెంటులో కూడా ఎవరో ఒకరు అడగాలి, అప్పిచ్చేవాళ్లలో ఇప్పుడు మనం కూడా ఉన్నాం కాబట్టి.